పాత్ర అడుగున ముద్ర: అది ఎవరి సాక్ష్యం?

ఆదోనిలో ఒక పాత కుటుంబం వారి ఇంట ఒక పింగాణీ బాదియా ఉన్నది. తెలుపు మీద నీలి పూలు. అంచు ఒకచోట పగిలితే అతుకు వేయించి దాచుకున్నారు. ఆ ఇంటి పెద్దాయన దానిని ‘ఘోరీ’ అంటారు. దక్కనులో చీనా దేశపు పాత పాత్రలకు, ముఖ్యంగా ఆకుపచ్చ మెరుగు గలవాటికి, ఆ పేరు వాడుకలో ఉండేది. అటువంటి పాత్రలో విషం కలిసిన ఆహారం పెడితే పాత్ర పగులుతుందని, లేదా రంగు మారుతుందని మన పెద్దలు నమ్మేవారు. ఈ బాదియా ఆకుపచ్చది కాదు. అయినా పేరు మాత్రం అదే నిలిచిపోయినది.

అది సిద్దీ మసూద్ ఖాన్ దస్తర్‌ఖాన్ మీద ఉండిన పాత్ర అనీ, ఆయన కొలువులో పనిచేసిన తమ పూర్వికునికి ఇనాముగా దక్కినదనీ ఆ ఇంటివారి విశ్వాసం. బీజాపూరు ఆదిల్‌షాహీల తరఫున ఆదోనిని ఏలిన ఈ హబ్షీ సర్దారు కట్టించిన జామా మసీదును చూడని వారు మా ప్రాంతంలో అరుదు. కనుక అట్టివాని ఇంటి పాత్ర అంటే ఆ గౌరవం వేరు. ఆ పాత్రను మసీదుకు సమర్పించదలిచాననీ, పక్కన పెట్టే ఫలకానికి ఉర్దూలోను తెలుగులోను నాలుగు వాక్యాలు రాసివ్వమనీ పెద్దాయన నన్ను పిలిపించారు.

“రుజువు అడుగునే ఉంది మౌల్వీసాబ్,” అని బాదియాను బోర్లించి చూపారు.

మూల మీద నిలబెట్టిన చిన్న చతురస్రం. దాని నాలుగు మూలల్లోనూ ఒక్కొక్క అక్షరమో అంకెయో. నడుమ రెండు అక్షరాలు. నెత్తిన ఒక చిన్న వలయం, అందులో కొన్ని గీతలు. చూడగానే తావీజులో రాసే నఖ్ష్ గుర్తుకు వచ్చే మాట నిజమే. ఎవరో బుజుర్గు విషానికి విరుగుడుగా దానిని రాసినారని మూడు తరాలుగా ఆ ఇంట చెప్పుకుంటున్నారు.

ఆ రోజు నేను ఏమీ రాసివ్వలేదు. వారం గడువు అడిగి ఆలూరుకు తిరిగి వచ్చాను. ఆ వారంలో చదివినదీ, లోగడ చదివి మరిచినదీ కలిపి ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాను. బాదియా సంగతి చివర చెబుతాను.

మా ఆలూరు సంతలో కుండ కొనేవాడు అడుగున పేరు వెతకడు. మెటికతో కొట్టి మోత వింటాడు. బండమోత వస్తే పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంటాడు. కుండ చేసిన కుమ్మరి ఎవరో, ఆయన సారె ఏ వీధిలో తిరుగుతుందో కొనేవానికి తెలుసు. కుండ కారితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో కూడా తెలుసు. ముఖపరిచయం ఉన్నచోట ముద్రతో పని లేదు. చేసినవాడు ఒక ఊరిలో, కొనేవాడు ఎన్నడూ చూడని మరొక ఊరిలో ఉన్నప్పుడే పాత్ర తన పేరు తాను చెప్పుకోవలసి వస్తుంది. ఆ విధంగా ముద్ర దూరానికి పుట్టిన బిడ్డ. ప్రపంచంలో ఎక్కడ ముద్రలు కనిపించినా, ఆ సరుకు చాలా దూరం పోయే సరుకు అయివుంటుందని ముందుగా అనుకోవచ్చు.

ముద్రను చూసినప్పుడు మొట్టమొదట అడగవలసింది అందులో ఏమి రాసి ఉన్నదని కాదు, అది ఎప్పుడు పడినదని. పచ్చి మట్టి మీద పడిన గుర్తు వేరు, ఆవంలో కాలిన తరువాత గీసిన గుర్తు వేరు. పచ్చి మట్టిలో నొక్కిన గీత అంచులు మెత్తగా పైకి లేచి ఉంటాయి. కాలిన పెంకు మీద మొనతో గీస్తే అంచులు చిట్లుతాయి. మొదటిది చేసినవాని మాట. రెండవది చాలామట్టుకు వాడుకున్నవాని మాట. మెరుగు పూత కింద ఉన్న రంగు గుర్తు కార్ఖానాలోనే పడినది. పూతను తొలిచి చెక్కిన అక్షరాలు ఎన్ని శతాబ్దాల తరువాతనైనా పడవచ్చు. హదీసు విద్యార్థికి ఇది కొత్త సంగతి కాదు. ఏమి చెప్పాడన్న దానికంటె ముందు, చెప్పినవాడు ఎవడు, ఆ సంఘటన నాటికి అక్కడ ఉన్నాడా లేడా అని మనవారు విచారించేవారు. పాత్ర విషయంలోనూ అదే విచారణ.

ఇస్లామీ లోకంలో కుమ్మరులు తమ పేర్లు రాసుకున్న ఆనవాళ్లు చాలా పాతవి. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో అచ్చుతో పోసిన ఒక పళ్లెం మీద “బస్రా వాడైన అబూ నస్ర్ మిస్రులో చేసిన పని” అన్న అర్థం వచ్చే అరబీ రాత ఉన్నది. ఈ చిన్న రాత ఎంత నిజాయితీగలదో చూడండి. తాను ఎక్కడివాడో చెప్పాడు, పని ఎక్కడ చేశాడో కూడా చెప్పాడు. ‘మిస్రులో’ అన్న ఒక్క మాట లేకపోయి ఉంటే, ‘అల్-బస్రీ’ అన్న నిస్బతును పట్టుకుని ఆ పళ్లాన్ని బస్రా సరుకుగా లెక్కవేసి ఉండేవారు.

అందరూ ఇంత వివరంగా రాయలేదు. ఫాతిమీ ఖలీఫా అల్-హాకిం (996–1021) కాలంలో మిస్రులో పనిచేసిన ముస్లిం ఇబ్ను అల్-దహ్హాన్ అనే నేర్పరి బంగారు మెరుపు గల పాత్రల మీద తన పేరు రాసేవాడు. తరువాత మమ్లూకుల కాలంలో, 15వ శతాబ్దంలో, ‘గైబీ’ అన్న పేరు అడుగున గల నీలి తెలుపు పెంకులు కైరో పాత నగరమైన ఫుస్తాత్ దిబ్బలలో కుప్పలుగా దొరికినాయి. కొన్నింటి మీద ‘గైబీ అల్-తవ్రీజీ’, కొన్నింటి మీద ‘గైబీ అల్-షామీ’ అని ఉన్నది. తవ్రీజ్ అంటే ఇరాన్‌లోని తబ్రీజ్, షామ్ అంటే సిరియా. దిమష్క్‌లో ఒక మసీదు పలకల మీద కూడా గైబీ తవ్రీజీ పేరు ఉన్నది. ఇన్ని పెంకులు, ఇన్ని చేతివాటాలు ఒక్క మనిషివి కాజాలవు. ఒక ఉస్తాదు పేరు అతని కార్ఖానా పేరుగా మారి, శిష్యులు, పనివారు అందరూ ఆ పేరే రాశారని గ్రహించాలి. తబ్రీజ్ నిస్బతు మనిషి వంశం ఎక్కడిదో చెప్పింది. పాత్ర మట్టి ఎక్కడిదో చెప్పలేదు. బుఖారీ, షీరాజీ, బగ్దాదీ అని పేరు చివర తగిలించుకుని ఏడు తరాలుగా కర్నూలు జిల్లా దాటని కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి కదా!

ఇరాన్‌లోని కాషాన్ నగరంలో మరొక అందమైన ఉదాహరణ ఉన్నది. అబూ తాహిర్ అనేవాని వంశం వారు తరతరాలుగా మెరుపు పలకలతో మిహ్రాబులు చేసేవారు. అలీ ఇబ్ను ముహమ్మద్ ఇబ్ను అబీ తాహిర్ ఒక తరం, ఆయన కుమారుడు యూసుఫ్ మరొక తరం. పలక మీది సంతకం చదువుతుంటే ఇస్నాదు చదువుతున్నట్టే ఉంటుంది: తండ్రి, తాత, ముత్తాత. ఆ వంశంలోనే అబుల్ ఖాసిం అనే ఒకాయన కుమ్మరి పని విడిచి కలం పట్టి, 1301లో (హిజ్రీ 700) రాళ్ల గురించి, రత్నాల గురించి రాసిన పారశీక గ్రంథంలో పింగాణీ తయారుచేసే పద్ధతికి ఒక అధ్యాయం కేటాయించినాడు. మట్టి పాళ్లు, మెరుగు మసాలాలు, కాల్చే తీరు అందులో ఉన్నాయి. సంతకం చేసినవారు అన్నదమ్ములే, ఆ పని రహస్యం రాసిపెట్టినవాడు కూడా వారి ఇంటివాడే అయిన సందర్భాలు చరిత్రలో బహు తక్కువ.

ఇక యజమాని ముద్ర. సఫవీ పాదుషా షా అబ్బాస్ 1611లో (హిజ్రీ 1020) అర్దబీల్‌లోని తన పూర్వికుడు షేఖ్ సఫీ దర్గాకు 1,162 చీనా పాత్రలను వక్ఫ్ చేసినాడు. ఆ పాత్రల మీద వక్ఫు వాక్యం, ఆయన పేరు ఒక చిన్న దీర్ఘచతురస్రంలో చెక్కి ఉన్నాయి. పారశీక లిపి తప్ప మరేదీ చదవలేనివాడు ఆ పళ్లేన్ని చూస్తే ఇరాన్ సరుకు అనుకుంటాడు. కాని ఆ పాత్రలు చీనాలో పుట్టినవి; కొన్ని షా అబ్బాస్ పుట్టుకకు రెండు వందల ఏళ్లకు పూర్వమే కాలినవి. షాజహాను పేరు చెక్కిన చీనా పళ్లేలు కూడా ఇట్లాంటివే. ఇందుకు ఎదురు ఉదాహరణ చీనాలోనే ఉన్నది. మింగ్ వంశపు జెంగ్‌దె చక్రవర్తి (1506–1521) కాలపు పాత్రల మీద అరబీ, పారశీక వాక్యాలు మెరుగు కిందనే, అంటే కార్ఖానాలోనే రాసి ఉన్నాయి. ఒకచోట అరబీ అక్షరం యజమానిది, మరొకచోట తయారుచేసినవానిది. లిపి ఒకటే కదా అని రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

అబద్ధపు ముద్రల సంగతి కొంచెం చిత్రమైనది. చీనా పాత్రల అడుగున చక్రవర్తి పాలనా నామాన్ని ఆరు అక్షరాలలోనో నాలుగింటిలోనో రాసే ఆచారం ఉన్నది. చెంగ్‌హువా (1465–1487) కాలపు పాత్రలకు గొప్ప పేరు. ఆ పేరును రెండు వందల ఏళ్ల తరువాతి కుమ్మరులు కూడా నిరభ్యంతరంగా రాసేవారు. 1677లో జింగ్‌దెజెన్ అధికారి అప్పటి చక్రవర్తి కాంగ్‌షీ నామాన్ని పాత్రలపై రాయవద్దని ఆజ్ఞ ఇవ్వడం వల్ల పాత పేర్లు రాసే అలవాటు మరింత పెరిగినదని చెబుతారు. దీనిని మోసం అనవచ్చునా? కొనేవాడిని వంచించడానికి రాసినవి ఉన్నాయి. పూర్వపు ఉస్తాదులపై గౌరవంతో రాసినవీ ఉన్నాయి. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుడిని దైవప్రవక్త (స) మందలించిన ఉదంతం పాఠకులకు విదితమే. అక్కడ దాచిన ఉద్దేశం స్పష్టం. పాత్ర మీది పాత పేరు విషయంలో ఉద్దేశం ఎల్లప్పుడూ స్పష్టం కాదు. కనుక చరిత్రకారుడు తీర్పు చెప్పే ముందు మట్టిని, పూతను, అడుగు అంచు చెక్కిన తీరును కూడా చూస్తాడు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పడు.

ఒక్క సాక్షి మీద ఎంత బరువు పెట్టవచ్చునో మన నేల మీదనే ఒక పాఠం జరిగినది. 1945లో మార్టిమర్ వీలర్ అనే ఆంగ్లేయ పురావస్తు అధికారి పుదుచ్చేరి వద్ద అరికమేడులో తవ్వించినాడు. అక్కడ ఇటలీలోని అరెజ్జో అనే ఊరి ఎర్రని మెరుగు పాత్రల పెంకులు దొరికినాయి. ఆ కుమ్మరులు పాత్ర నడుమ తమ పేరు ముద్ర వేసేవారు. ఆ ముద్రలను బట్టి పాత్రల కాలాన్ని రోమ్ చరిత్ర తెలిసినవారు ఎంతో సూక్ష్మంగా నిర్ణయించగలరు. విబీ, కామూరీ, ఇత్తా అన్న పేర్లు అరికమేడు పెంకుల మీద చదివినారు. ఎక్కడి ఇటలీ కుమ్మరి, ఎక్కడి బంగాళాఖాతపు ఒడ్డు!

దక్షిణ భారతపు పాత పెంకులకు అంతవరకు నమ్మదగిన తేదీలు దాదాపు లేవు. వీలర్‌కు ఇప్పుడు ఒక తేదీ చేతికి వచ్చినది: క్రీస్తు శకం మొదటి శతాబ్ది తొలి భాగం. ఆ ఎర్ర పెంకులతో పాటు, లోపలి అడుగున పళ్లచక్రం తిప్పినట్టు వలయాలుగా చుక్కలు గల మరొక రకం పాత్రలు ఉన్నాయి. 1947లో ఆయన రాయదుర్గానికి దాపున, మొళకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరిలోను, చిత్రదుర్గం పక్కన చంద్రవల్లిలోను తవ్వించగా అదే చుక్కల పాత్ర, దాని తోటి తెల్లని గీతల ఎర్ర పాత్ర కనిపించినాయి. వాటి కింది పొరలో మన ఊళ్లలో రాక్షస గుళ్లు అని పిలిచే రాతి సమాధులు కట్టినవారి నలుపు ఎరుపు పాత్రలు ఉన్నాయి. ఇంకా కింద రాతి గొడ్డళ్లవారివి. ఇటలీ ముద్ర నుండి అరికమేడుకు, అక్కడి నుండి చంద్రవల్లికి, బ్రహ్మగిరికి, సమాధులకు, గొడ్డళ్లకు: ఒకదానిని మరొకటి పట్టుకున్న గొలుసు. ఆ లెక్కన రాతి సమాధులవారు క్రీ.పూ. 200 నాటికి వచ్చినారని, రాతి గొడ్డళ్లవారు అంతకు ఎనిమిది వందల ఏళ్లకు మించి పూర్వం కారని వీలర్ నిర్ణయించినాడు. బళ్లారి, ఆదోని, ఆలూరు సీమలలోని పురాతన జనుల వయసంతా ఆ గొలుసు చివరన వేలాడినది.

గొలుసు నిలువలేదు. 1957లో ఆల్చిన్ అనే పండితుడు మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో బూడిద దిబ్బను తవ్వి తీసిన బొగ్గును ప్రయోగశాలలో పరీక్షించగా, పశువుల మందలు కట్టుకున్న ఆ రాతి గొడ్డళ్లవారు క్రీ.పూ. 2000కు కూడా పూర్వులని తేలినది. రాతి సమాధులు సైతం వీలర్ అనుకున్న దానికంటె చాలా పాతవని తరువాతి పరీక్షలు చెప్పినాయి. 1983లో విమలా బేగ్లే అరికమేడు సామగ్రిని మళ్లీ విచారించి, చుక్కల పాత్ర అరెజ్జో సరుకు కంటె ముందే మొదలైనదని, అది ఈ దేశపు పనే అని వాదించినారు. గమనించండి: ఇటలీ కుమ్మరి ముద్ర అబద్ధమాడలేదు. అది తన పెంకును గురించి ఎంత చెప్పాలో అంతే చెప్పినది. పక్కన పడివున్న పెంకులను గురించి, వాటి కింది పొరలను గురించి దాని చేత చెప్పించినది మనం. ఉల్లేఖకుడు సత్యవంతుడే, అతడు వినని మాటను అతనికి అంటగట్టడం వల్ల వచ్చిన దోషమిది.

ఆ నలుపు ఎరుపు పాత్రల మీద కూడా గీతల గుర్తులు ఉన్నాయి: నిచ్చెన వంటివి, బాణం వంటివి, కొమ్మల వంటివి. బి. బి. లాల్ 1960లో వీటిని హరప్పా గుర్తులతో పోల్చి చాలా పోలికలు చూపినారు. వాటిలో అనేకం కాలిన తరువాత గీసినవి. కనుక కుమ్మరి పేరు కంటె, ఎవరి కుండ ఎవరిదో తెలియడానికి ఇంటివారో కులంవారో గీసుకున్నవనే ఊహకు నేను మొగ్గుతాను. నేటికీ పెళ్లి వంటకు ఇచ్చిన ఇత్తడి బిందె తిరిగి రావాలని దాని మీద పేరు కొట్టించుకుంటాము గదా.

ఆదోనికి తన సొంత ముద్ర కూడా ఉండినది, కాని అది మట్టి మీద కాదు. 1688లో ఫిరోజ్ జంగ్ మొగలు సేనతో వచ్చి సిద్దీ మసూద్ ఖాన్ నుండి కోటను తీసుకున్న తరువాత ఊరికి ఇమ్తియాజ్‌గఢ్ అని పేరు పెట్టి టంకసాల నెలకొల్పినారు. ఔరంగజేబు పేరుతోను, ఆయన తరువాతివారి పేర్లతోను అచ్చయిన నాణేల వెనుక ‘జర్బ్ ఇమ్తియాజ్‌గఢ్’ అని ఉంటుంది. అది పాలకుని పూచీ. దానిని దొంగగా కొట్టినవానికి శిక్ష తప్పదు. కుండ మీది పేరుకు అటువంటి పూచీ చాలాకాలం అరుదు.

ఇప్పుడు బాదియా సంగతికి వస్తాను. 1842 నుండి 1883 వరకు ఇంగ్లాండులో పాత్రల నమూనాలను ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించుకుంటే, ఇతరులు కొంతకాలం దానిని అనుకరించకుండా రక్షణ ఉండేది. అట్లా నమోదైన సరుకు మీద మూల మీద నిలిచిన చతురస్రపు గుర్తు వేసేవారు. నెత్తిన వలయంలో ఉండేది సరుకు తరగతి. రోమన్ అంకెలలో నాలుగు ఉంటే మట్టి పాత్ర అని అర్థం. నడుమ ఉన్న రెండు అక్షరాలు ‘నమోదైనది’ అనే ఇంగ్లీషు మాటకు పొట్టిరూపం. 1867 వరకు సంవత్సరపు అక్షరం పై మూలలో, 1868 నుండి కుడి మూలలో ఉండేది. ఆ అక్షరాలు వరుసగా కాక కలగాపులగంగా ఉంటాయి. బాదియా కుడి మూలలో ‘సి’ ఉన్నది. పై మూలలో తేదీ అంకె. ఆ లెక్క ప్రకారం 1870. ఎడమ మూలలోని అంకె సరిగా కనిపిస్తే లండను రికార్డులలో నమూనా సొంతదారు పేరు కూడా దొరికేది; అది అరిగిపోయినది. అది నమూనా నమోదైన సంవత్సరమే గాని పాత్ర కాలిన సంవత్సరం కాదు. రెండు మూడేళ్ల తరువాత చేసినదైనా కావచ్చు. అంతకు ముందుది మాత్రం కానేరదు. సిద్దీ మసూద్ ఖాన్ కోటను విడిచి అప్పటికి నూట ఎనభై ఏళ్లు దాటినాయి.

పాత్రకు చీనాతో సంబంధం లేదు. ఉర్దూలో మనం పింగాణీ నంతటినీ ‘చీనీ’ అనే అంటాము. ఆ మాటలోనే ఒక తప్పుడు ముద్ర ఉన్నదని నాకు అప్పుడే తట్టినది. మన తెలుగు పింగాణీ వినగానే అరబీలో ఫిన్‌జాన్‌గా మారిన పారశీక ‘పింగాన్’ గుర్తుకు వస్తుంది.

మరి 1870 నాటి ఇంగ్లాండు బాదియా ఆదోనికి ఎట్లా వచ్చినది? మదరాసు నుండి గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరు వరకు వేసిన రైలు మార్గం 1871లో బొంబాయి మార్గంతో కలిసినది. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1953లో గాని కర్నూలులో చేరలేదు. పత్తికి పేరుపొందిన ఆ ఊరి నుండి బేళ్లు పోయిన దారినే విదేశపు సరుకు వచ్చి ఉండడం సహజం. ఆ వెంటనే 1876లో ధాత కరువు. బళ్లారి జిల్లాలో ప్రజలు పిట్టల్లా రాలిపోయిన కాలమది. ఇళ్లలో ఇత్తడి, వెండి ధాన్యం కింద పోయినాయి. పింగాణీకి గింజలు ఇచ్చేవాడు ఎవడు? అందుకే ఇది మిగిలి ఉంటుందని నా ఊహ.

వారం తరువాత వెళ్లి, పుస్తకంలోని అక్షరాల పట్టికను బాదియా పక్కన పెట్టి పెద్దాయనకు అంతా చూపించాను. కుమారుడు ముఖం చిట్లించి, ఫలకం రాయడానికి రమ్మంటే మా ఇంటి పరువు తూకం వేస్తున్నారే అన్నాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కుడి మూలలోని అక్షరం మీద వేలు పెట్టి, ఇదేనా ఆ సంవత్సరం అని అడిగారు. అవునన్నాను.

“మా పరదాదా పత్తి బండ్లు తోలేవాడని మా దాదీ చెప్పేది మౌల్వీసాబ్. స్టేషనుకు తోలేవాడట. కొలువు సంగతి బయట చెప్పుకునేవాళ్లం, బండ్ల సంగతి చెప్పేవాళ్లం కాము.”

“చాచా, కొలువు సంగతిని ఈ బాదియా కాదనలేదు. కోట విడిచిన నాటికి ఇది పుట్టనే లేదు, దానికి ఏమి తెలుసు? బండ్ల కాలానికి మాత్రం ఇది పుట్టి ఉన్నది,” అన్నాను.

ఫలకం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. బాదియాను గుడ్డలో చుట్టి, కుమారుని చేత పెట్టెలో పెట్టించి, దాదీ చెప్పిన బండ్ల లెక్క, ఎద్దుల పేర్లు తనకు గుర్తున్నంతవరకు రాసుకోమని నాకు కాగితం ఇప్పించారు. సాయంత్రం అస్ర్ వేళ వరకు రాసుకున్నాను.